డెబ్భై దాటినవారి ఫైలులో మిగిలిపోతున్న ఖాళీ: మా ఊరి క్లినిక్ పేషెంట్ పోర్టల్‌పై సమీక్ష

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి పడమటి వైపున మేము ఉంటున్న ఊళ్లో, అరవై ఐదేళ్లు దాటినవారిని ప్రత్యేకంగా చూసే ఒక క్లినిక్ ఉంది. మా అత్తగారు అక్కడే చూపించుకుంటారు. మా పక్కింటి విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయనతో కొన్ని దశాబ్దాలుగా కలిసి జీవిస్తున్న ఆయన భర్త కూడా అక్కడికే వెళతారు. ఈ ముగ్గురికీ కంప్యూటరు పనులు నేనే చేసిపెడుతుంటాను గనుక ఆ క్లినిక్ పేషెంట్ పోర్టల్‌ను (రోగులు తమ వైద్య వివరాలు చూసుకునే ఆన్‌లైన్ ఖాతాను), రిజిస్ట్రేషన్ కాగితాలను, ఫోన్లో కొత్త రోగి పేరు నమోదు చేసుకునే పద్ధతిని దగ్గరగా చూసే అవకాశం కలిగింది. పక్కింటివారి సంగతులను వారి అనుమతితోనే రాస్తున్నాను. ఆ ఉపాధ్యాయుడిని ఇక్కడ మాస్టారు అంటాను.

ఈ సమీక్ష ఆ సేవలోని ఒకే ఒక అంశం గురించి. రోగికి ఎవరిపట్ల ఆకర్షణ ఉంటుందన్న వివరాన్ని, అంటే లైంగిక ధోరణిని, తనను తాను స్త్రీగానో పురుషుడిగానో మరో విధంగానో ఎలా గుర్తించుకుంటారన్న వివరాన్ని, అంటే లింగ గుర్తింపును, ఈ వ్యవస్థ ఎలా అడుగుతోంది, అడిగినదాన్ని ఎలా దాస్తోంది, వయసు మళ్లినవారి విషయంలో ఆ గడులు ఎందుకు ఖాళీగా ఉండిపోతున్నాయి అన్నదే నేను పరిశీలించాను. అపాయింట్‌మెంట్లు, మందుల రీఫిల్, రక్తపరీక్షల ఫలితాల విషయంలో ఈ పోర్టల్ బాగా పనిచేస్తుంది, వాటి జోలికి వెళ్లను. క్లినిక్ పేరు గానీ సాఫ్ట్‌వేర్ పేరు గానీ చెప్పడం లేదు. ఒకే సాఫ్ట్‌వేర్‌ను వేర్వేరు ఆసుపత్రులు వేర్వేరుగా అమర్చుకుంటాయి. నేను చూసిన లోపాలు ఈ అమరికవి.

నా తీర్పు ముందే చెబుతాను. ప్రశ్నలను చక్కగా తయారుచేశారు. వాటిని పెట్టిన చోటు మాత్రం వృద్ధులకు అందుబాటులో లేదు. జవాబును ఎవరు చూస్తారన్న విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త అసలే తీసుకోలేదు. 5కి 2.5 మార్కులు ఇస్తున్నాను.

పోర్టల్‌లోకి వెళ్లిన తర్వాత ఖాతా వివరాల పేజీ తెరిచి, అందులో వ్యక్తిగత సమాచారం అనే విభాగానికి వెళ్లి, చిరునామా, ఫోన్ నంబరు, అత్యవసర సమయంలో పిలవవలసిన మనిషి పేరు దాటుకుని కిందికి వస్తే ఈ రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. ఎవరూ చూపించకపోతే డెబ్భై ఏళ్ల మనిషి అక్కడికి చేరుకోవడం దాదాపు జరగని పని. ప్రతి విజిట్‌కు ముందు పోర్టల్ పంపించే చెక్-ఇన్ పత్రంలో బీమా వివరాలు, అలర్జీలు, ఈ మధ్య కింద పడ్డారా, ఇంట్లో మెట్లున్నాయా, మనసు దిగులుగా ఉంటోందా వంటి ప్రశ్నలన్నీ ఉంటాయి కానీ ఇవి ఉండవు. ఇదే క్లినిక్‌ను నడిపే సంస్థకు చెందిన సాధారణ విభాగంలో నా పేరు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నప్పుడు ఈ ప్రశ్నలు రెండో పేజీలోనే ఎదురయ్యాయి. అత్తగారి పేరును ఫోన్లో నమోదు చేయించాం. అవతలి ఉద్యోగిని పేరు, పుట్టిన తేదీ, ఆడ లేక మగ, బీమా నంబరు అడిగి ముగించింది. వృద్ధుల్లో ఎక్కువమంది ఫోన్లోనే, లేదా పిల్లల ద్వారానే పేరు నమోదు చేసుకుంటారు. అంటే వయసు మళ్లినవారు జవాబు చెప్పడానికి నిరాకరించకముందే, అసలు వారికి ప్రశ్న చేరకముందే, వారి ఫైలులో ఖాళీ ఏర్పడుతోంది. ఈ సమీక్షలో నేను చెప్పదలచిన ప్రధాన విషయం ఇదే. ఆ ఖాళీని పెద్దవాళ్ల బిడియం ఖాతాలో వేయడం అన్యాయం.

ఇది ఒక్క క్లినిక్‌కు పరిమితమైన సంగతి కాదు. అమెరికా ప్రభుత్వం 2015లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల సాఫ్ట్‌వేర్‌కు ధ్రువీకరణ నియమాలను సవరించినప్పుడు, లైంగిక ధోరణినీ లింగ గుర్తింపునూ నమోదు చేసే సదుపాయం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండి తీరాలని చెప్పింది. డాక్టరు ఆ ప్రశ్న అడిగి తీరాలని మాత్రం చెప్పలేదు. గడి తయారైంది కానీ, దాన్ని నింపే బాధ్యత ఎవరి మీదా పడలేదు. పేదలకు వైద్యం అందించే, ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లను 2016 నుంచి ఈ వివరాలపై లెక్కలు పంపమని కోరారు. ఆ మొదటి ఏడాది లెక్కలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సుమారు 77 శాతం రోగుల విషయంలో లైంగిక ధోరణి, సుమారు 63 శాతం మంది విషయంలో లింగ గుర్తింపు నమోదు కాలేదు. లెక్కలు పంపమని ప్రభుత్వమే అడిగిన చోట పరిస్థితి ఇలా ఉంటే, ఎవరూ అడగని క్లినిక్‌ల సంగతి ఊహించుకోవచ్చు.

అడిగితే రోగులు నొచ్చుకుంటారన్నది వైద్య సిబ్బంది తరచుగా చెప్పే కారణం. మా క్లినిక్ రిసెప్షన్‌లోని ఒక పెద్దావిడ నాతో మర్యాదగానే అన్నది కూడా ఇదే: "మా పేషెంట్లకు ఎనభై ఏళ్లండీ, అలాంటివి అడిగితే బాగుండదు." అత్యవసర విభాగాల సందర్భంలో ఈ నమ్మకాన్ని పరీక్షించిన ఒక ప్రసిద్ధ అధ్యయనం 2017లో వెలువడింది. లైంగిక ధోరణి గురించి అడిగితే రోగులు జవాబు చెప్పరని వైద్య సిబ్బందిలో దాదాపు 78 శాతం మంది భావించారు. చెప్పబోమని అన్న రోగులు సుమారు 10 శాతం మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మన ఫైళ్లలోని ఖాళీలకు చాలావరకు మూలమని నేను నమ్ముతున్నాను. ఎనభై ఏళ్ల మనిషిని మూత్రం అదుపు తప్పుతోందా, మలబద్ధకం ఉందా, జ్ఞాపకం తగ్గుతోందా అని అడగడానికి వెనుకాడని క్లినిక్, ఆ మనిషి జీవితంలో ప్రేమ ఉందా, ఎవరితో ఉంది అని అడగడానికి వెనుకాడుతోంది. వయసు వచ్చాక ఆ ప్రసక్తే ఉండదన్న భావన దీని వెనుక ఉంది. ఆ భావన తప్పు.

ఇక ప్రశ్నల నాణ్యత. ఇక్కడ క్లినిక్‌ను మెచ్చుకోవాలి. జాతీయ ప్రమాణాల్లో ఉన్న జవాబులనే తీసుకుని సరళమైన వాక్యాల్లో పెట్టారు. లైంగిక ధోరణి కింద లెస్బియన్ లేదా గే (తమ లింగంవారినే ప్రేమించేవారు), స్ట్రెయిట్ (ఎదుటి లింగంవారిని ప్రేమించేవారు), బైసెక్సువల్ (ఇద్దరినీ ప్రేమించగలవారు), మరొకటి, తెలియదు, చెప్పడం ఇష్టం లేదు అన్నవి ఉన్నాయి. లింగ గుర్తింపు కింద స్త్రీ, పురుషుడు, ట్రాన్స్ స్త్రీ (పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, స్త్రీగా జీవించేవారు), ట్రాన్స్ పురుషుడు (అందుకు తిరగబడి), ఈ రెండింటిలో ఇమడనివారు, మరొకటి, చెప్పడం ఇష్టం లేదు అన్నవి ఉన్నాయి. పుట్టినప్పుడు నమోదైన లింగం వేరే ప్రశ్న. పిలిపించుకోదలచిన పేరుకు వేరే గడి ఉంది, అందులో రాసిన పేరు ల్యాబ్ స్టిక్కర్ మీద కూడా వస్తుంది. పుట్టినప్పటి లింగాన్నీ ఇప్పటి గుర్తింపునూ విడిగా అడగడం చాలా ముఖ్యం. ఒకే గడిలో రెండింటినీ కలిపేసిన ఫారాలు నేను చాలా చూశాను.

అయితే రోగి ఎదుట ఇంత జాగ్రత్తగా కనిపించే పత్రం, డాక్టరు తెర మీదికి వెళ్లేసరికి ఒక మౌలికమైన తేడాను పోగొట్టుకుంటోంది. అడిగితే చెప్పనన్నవారు వేరు, అసలు అడగబడనివారు వేరు. ప్రమాణాల్లో ఈ రెండింటికీ వేర్వేరు సంకేతాలున్నాయి. మాస్టారి భర్త మొదట "చెప్పడం ఇష్టం లేదు" అని ఎంచుకున్నారు. వార్షిక విజిట్‌లో నర్సు తన తెరను మా వైపు తిప్పి మందుల జాబితా చూపిస్తున్నప్పుడు పక్కనున్న సారాంశంలో ఆ గడి ఉత్త ఖాళీగా కనిపించింది. అందువల్ల ఆయన ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఎవరూ పట్టించుకోని ప్రశ్నలాగా మారిపోయింది. దీనివల్ల రెండు నష్టాలున్నాయి. చెప్పనన్న మనిషిని ప్రతిసారీ మళ్లీ అడిగి విసిగించవచ్చు. అడగవలసిన మనిషిని, ఇష్టం లేదేమో అనుకుని ఎప్పటికీ అడగకుండా వదిలేయవచ్చు. క్లినిక్ ఎంతమందిని అడిగింది, ఎంతమంది జవాబిచ్చారు అని లెక్క తీసుకోవాలన్నా ఈ ఖాళీల నుంచి ఏ సంగతీ తెలియదు.

ఈ వివరాలు వైద్యానికి ఏం పనికొస్తాయని అడిగేవారికి వృద్ధాప్యానికి సంబంధించిన ఉదాహరణలే ఇస్తాను. 65 నుంచి 75 ఏళ్ల మధ్య ఉండి, జీవితంలో ఎప్పుడైనా పొగ తాగిన పురుషులకు పొట్టలోని బృహద్ధమని ఉబ్బిందేమో చూడటానికి ఒకసారి అల్ట్రాసౌండ్ చేయాలని అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల బృందం సిఫారసు చేస్తుంది. పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, ఇప్పుడు స్త్రీగా జీవిస్తున్న డెబ్భై ఏళ్ల వ్యక్తి రికార్డులో స్త్రీ అన్న ఒక్క మాటే ఉంటే కంప్యూటరు ఆ పరీక్షను గుర్తుచేయదు. ఆమెకు శస్త్రచికిత్స జరిగినా ప్రొస్టేట్ గ్రంథి సాధారణంగా శరీరంలోనే ఉంటుంది. పైగా ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను వాడకం వల్ల, ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పట్టిచ్చే పీఎస్ఏ అనే రక్తపరీక్ష అంకె తక్కువగా వస్తుంది కాబట్టి ఆ అంకెను మామూలుగా చదివితే డాక్టరు పొరబడవచ్చు. అలాగే గర్భాశయ ముఖద్వారం ఉన్న ట్రాన్స్ పురుషుడికి 65 ఏళ్ల వరకు చేయవలసిన పాప్ పరీక్ష (ఆ భాగంలో క్యాన్సర్ సూచనలను వెతికేది), రికార్డులో పురుషుడు అని మాత్రమే ఉంటే జాబితాలోకి రాదు. మూత్రపిండాల పనితీరును అంచనా వేసే లెక్కలో కూడా స్త్రీ, పురుషుడు అన్న వివరం ఉంటుంది. చాలా మందుల మోతాదును ఆ అంచనాను బట్టే నిర్ణయిస్తారు.

హెచ్‌ఐవీ సంగతి మరీ స్పష్టం. అమెరికాలో హెచ్‌ఐవీ ఉందని నిర్ధారణై జీవిస్తున్నవారిలో సగానికి పైగా యాభై ఏళ్లు దాటినవారే. అందరికీ మామూలుగా చేయవలసిన పరీక్షకు సిఫారసు 65 ఏళ్లతో ఆగుతుంది, ఆ తర్వాత ప్రమాదం ఉన్నవారికి మాత్రమే చేయమంటారు. ప్రమాదం ఉందో లేదో తెలియాలంటే అడగాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: లైంగిక ధోరణి గడి నిండినంత మాత్రాన లైంగిక చరిత్ర అడిగినట్టు కాదు. గే అని చెప్పుకున్న వృద్ధుడు ఎన్నో ఏళ్లుగా ఒంటరిగా ఉండవచ్చు, ఏ పేరూ పెట్టుకోని పెద్దమనిషికి భాగస్వాములు ఉండవచ్చు. మంచి డాక్టరు ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడుగుతారు. గడి చేసే పని, ఆ సంభాషణకు దారి వేయడం.

పరీక్షలకన్నా ఎక్కువగా నన్ను కదిలించిన విషయం కుటుంబం గురించినది. మసాచుసెట్స్‌లో 2004 మేలో స్వలింగ వివాహాలు చట్టబద్ధమయ్యాయి, దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం ఇదే. మాస్టారూ ఆయన భాగస్వామీ ఆ తర్వాత పెళ్లి చేసుకున్నారు. అయినా పోర్టల్‌లో మాస్టారి పేజీ తెరిచినప్పుడు అత్యవసర సమయంలో పిలవవలసిన మనిషిగా భర్త పేరే ఉంది, బంధుత్వం అన్న చోట స్నేహితుడు అని ఉంది. పాత కాగితపు ఫైలును కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు అప్పటి మాట అలాగే వచ్చేసింది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. స్ట్రోక్ వచ్చి మాట పడిపోయిన రోజున ఆ ఒక్క మాట ఎంత పెద్ద అడ్డంకి అవుతుందో ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆయన తరంవారు ఆసుపత్రి గది బయట నిలబెట్టబడిన భాగస్వాములను చూశారు. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు రోగి కోరిన మనిషిని, బంధుత్వంతో నిమిత్తం లేకుండా, లోపలికి రానివ్వాలన్న నిబంధన 2011లో గానీ అమలులోకి రాలేదు. బంధుత్వం గడిని నేను కొన్ని నిమిషాల్లో సరిచేయగలిగాను. కానీ ప్రతి ముసలి జంటకూ పక్కింట్లో కంప్యూటరు తెలిసినవారు ఉండరు.

వృద్ధులు జవాబు చెప్పడానికి తటపటాయిస్తే దానికి బలమైన కారణాలున్నాయి, ఈ పోర్టల్ ఆ కారణాలను గమనించినట్టు లేదు. మాస్టారు పుట్టిన కొద్ది ఏళ్లకే, 1953లో, ప్రభుత్వ ఉద్యోగాల నుంచి స్వలింగ ప్రేమికులను ఏరివేయడానికి దారితీసిన అధ్యక్ష ఉత్తర్వు వచ్చింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ప్రేమను మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది 1973లో. అప్పటికే ఆయన పెద్దవాడై, ఉద్యోగంలో కుదురుకున్నారు. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే రాష్ట్ర చట్టాలను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2003లో. అంటే డాక్టరు ఫైలులో రాసిన ఒక్క మాటతో ఉద్యోగం, పరువు, స్వేచ్ఛ పోగలవని యౌవనమంతా తెలిసి బతికిన తరం ఇది. అటువంటి మనిషిని ఈ ప్రశ్న అడిగేముందు ఎందుకు అడుగుతున్నామో, ఎవరు చూస్తారో, చెప్పకపోయినా వైద్యం ఆగదని ఒక వాక్యమైనా రాయాలి. ఈ పోర్టల్‌లో ఉన్నది "మీ గురించి మరింత తెలుసుకోవడానికి" అన్న మొక్కుబడి వాక్యం ఒక్కటే. బోస్టన్‌లోనే, 1971 నుంచి స్వలింగ ప్రేమికులకూ ట్రాన్స్ వ్యక్తులకూ వైద్యం చేస్తున్న ఫెన్‌వే హెల్త్ అనే సంస్థ ఉంది. ఆ సంస్థ పరిశోధకులు ఎలా అడగాలో, ముందు ఏం చెప్పాలో, సిబ్బందికి ఎలా నేర్పాలో ఏళ్ల తరబడి రాసి ఉచితంగా అందుబాటులో ఉంచారు. ఇంత దగ్గరలో అంత అనుభవం ఉండగా దాన్ని తీసుకోకపోవడం నాకు అర్థం కాలేదు.

జవాబు ఎటు వెళుతుందన్న భయం గతానికి సంబంధించినది మాత్రమే కాదు. 2025 జనవరి 20న వెలువడిన అధ్యక్ష ఉత్తర్వు, ఫెడరల్ ప్రభుత్వ పత్రాల్లో స్త్రీ, పురుషుడు అన్న రెండు వివరాలే ఉండాలని, లింగ గుర్తింపును అడగకూడదని ఆదేశించింది. ఆ తర్వాతి వారాల్లో ఆరోగ్య శాఖ వెబ్‌సైట్ల నుంచి అనేక పేజీలు మాయమై, కొన్ని కోర్టు ఆదేశంతో తిరిగి వచ్చాయి. ఆ వార్తలు చదివిన మాస్టారు తన జవాబును చెరిపేయమని నన్ను అడిగారు. చెరపవచ్చా, చెరిపితే పాత జవాబు చరిత్రలో మిగిలిపోతుందా, మెడికేర్‌కు (వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాకు) పంపే బిల్లుతో పాటు ఆ వివరం వెళుతుందా అని పోర్టల్ ద్వారానే సందేశం పంపాం. వచ్చిన సమాధానం గోప్యతా విధానం అనే పొడవైన పత్రానికి లింకు. ఆరోగ్య సమాచార గోప్యతా చట్టం ప్రకారం చికిత్స, చెల్లింపు, సంస్థ నిర్వహణ వంటి పనులకు, చట్టం తప్పనిసరి చేసిన సందర్భాల్లోనూ సమాచారాన్ని పంచుకోవచ్చు. అది చెప్పి, ఈ గడి విషయంలో తాము నిజంగా ఏం చేస్తారో నాలుగు వాక్యాల్లో రాస్తే సరిపోయేది. ఆ నాలుగు వాక్యాలు లేనందువల్ల ఆయన గడి మళ్లీ ఖాళీ అయింది. ఆయన నిర్ణయాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను. ఆయనకు కావలసిన భరోసా ఇవ్వకపోవడం క్లినిక్ లోపం.

ఇప్పుడు మన తెలుగు కుటుంబాలకు సూటిగా తగిలే విషయం. పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తల్లిదండ్రులు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. వారి పోర్టల్ ఖాతాను కొడుకో కూతురో కోడలో ప్రాక్సీగా, అంటే వారి తరఫున చూసే అనుమతితో, నడుపుతారు, డాక్టరు గదిలో వారే దుబాసీలుగా కూర్చుంటారు. అత్తగారి ఖాతాకు నేనే ప్రాక్సీని. లైంగిక ధోరణి, లింగ గుర్తింపు ఉన్న ఆవిడ పేజీ నా ఖాతా నుంచి నాకు పూర్తిగా కనిపిస్తుంది, మార్చడానికి కూడా వీలుంది. ఇది ఈ సేవలో నేను చూసిన అతి పెద్ద లోపం. పిల్లలకు చెప్పని విషయాన్ని డాక్టరుకు చెప్పుకునే హక్కు పెద్దలకు ఉంది. భారతదేశంలో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ నీడలోనే, సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు ఇచ్చేదాకా, యౌవనమంతా గడిపినవారు ఈ తరం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పెద్దలు కుదిర్చిన పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా డెబ్భై ఏళ్లకు చేరినవారు మనలో లేరని అనుకోవడానికి ఏ కారణమూ లేదు. అటువంటి మనిషి ధైర్యం చేసి ఆ గడిలో నిజం రాస్తే, అది మొదట చూసేది కొడుకు కావచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమలవుతున్న నిబంధనల వల్ల డాక్టరు రాసిన నోట్స్ కూడా చాలావరకు వెంటనే పోర్టల్‌లోకి వస్తాయి. రోగికి అది మంచిదే, ప్రాక్సీ ఉన్న రోగికి మాత్రం ఇంకో కన్ను చేరినట్టు. పిల్లల వైద్య విభాగాల్లో టీనేజర్ల రహస్య వివరాలు తల్లిదండ్రులకు కనబడకుండా చేసే ఏర్పాటు చాలా ఆసుపత్రుల్లో ఉంది. అదే ఏర్పాటును తిరగేసి, తల్లిదండ్రుల వివరాలు పిల్లలకు కనబడకుండా చేయమని అడుగుతున్నాను.

భాష విషయంలో క్లినిక్ కొంత నయం. పోర్టల్ తెలుగులో లేదు కానీ ఫోన్ ద్వారా తెలుగు దుబాసీని పిలిపిస్తారు. 2010 ఆరోగ్య చట్టం కింద వచ్చిన నిబంధనలు, రోగి స్వయంగా కోరితే తప్ప, అత్యవసరమైతే తప్ప, వెంట వచ్చిన బంధువుల మీద దుబాసీ పని పెట్టకూడదని చెబుతున్నాయి. చాలా చోట్ల ఆ నిబంధన కాగితం మీదే ఉంటుంది. ఇక్కడి నర్సు వార్షిక విజిట్‌లో నన్ను బయట కూర్చోమని మర్యాదగా చెప్పి, దుబాసీని స్పీకర్ ఫోన్లోకి పిలిచి, అత్తగారితో ఒంటరిగా మాట్లాడింది. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, డబ్బు లాక్కుంటున్నారా వంటి ప్రశ్నలతో పాటు ఈ ప్రశ్నలు కూడా అడిగినట్టు అత్తగారు తర్వాత చెప్పారు. "అందరినీ అడుగుతామమ్మా, చెప్పడం మీ ఇష్టం అని ముందే అన్నది, నాకేమీ తప్పుగా అనిపించలేదు" అన్నారు. ఆమె ఏం చెప్పారో నేను అడగలేదు. ఆ పేజీని మళ్లీ తెరవలేదు కూడా. మన ఊళ్లలోని ఆసుపత్రి ఓపీ చీటీ మీద పేరు, వయసు, లింగం తప్ప మరేదీ ఎరగని ఆవిడ ఆ ప్రశ్నను అంత సహజంగా తీసుకోవడం, రిసెప్షన్‌లోని పెద్దావిడ నమ్మకానికి నేను చూపగల మంచి జవాబు. ఆ నర్సు చేసిన పనిని క్లినిక్ అంతటా పద్ధతిగా మార్చాలి. ఇప్పుడది ఒక మంచి మనిషి అలవాటుగా మాత్రమే ఉంది. మాస్టారిని చూసే మరో నర్సు ఎప్పుడూ అలా అడగలేదు.

శిక్షణ గురించి ఒక్క మాట. మసాచుసెట్స్ 2018లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రం నిధులో లైసెన్సో ఇచ్చే వృద్ధుల సేవాసంస్థల సిబ్బంది ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్) పెద్దల అవసరాలపై శిక్షణ తీసుకోవాలి, దేశంలో అటువంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. మాస్టారి ఇంటికి వచ్చే హోమ్ కేర్ సహాయకురాలు ఆ శిక్షణ పొందినది. వచ్చిన మొదటి రోజే "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, వారిని నేను ఎలా పిలవాలి" అని అడిగిందట. క్లినిక్ రిసెప్షన్ సిబ్బందికి అటువంటి శిక్షణ ఇచ్చారా అని అడిగితే ఆన్‌లైన్‌లో ఒక వీడియో ఉందన్నారు. వృద్ధులతో మొదట మాట్లాడేది, ఆ గడిని నింపేదీ వదిలేసేదీ ఫోన్ దగ్గర కూర్చున్న ఉద్యోగులే కాబట్టి శిక్షణ అక్కడి నుంచే మొదలు కావాలి.

ఈ విషయాలన్నీ క్లినిక్ మేనేజరుకు ఉత్తరం రాశాను. ఆమె ఓపికగా ఫోన్ చేసి మాట్లాడారు. వెయిటింగ్ రూములో పెద్ద అక్షరాలతో ఒక కాగితపు పత్రం ఇచ్చి, రోగి దాన్ని మడిచి నర్సుకే ఇచ్చే ఏర్పాటుకు ఒప్పుకున్నారు, అది ఇప్పటికే మొదలైంది. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పడం కన్నా కాగితం మీద గుర్తు పెట్టడం చాలామంది పెద్దలకు తేలిక గనుక ఇది మంచి మార్పు. ప్రాక్సీ ఖాతాల సంగతి సంస్థ ప్రధాన కార్యాలయం చేతిలో ఉందన్నారు. డాక్టరు తెర మీద ఖాళీకీ, చెప్పడం ఇష్టం లేదన్న జవాబుకూ తేడా చూపించడం గురించి స్పష్టమైన హామీ రాలేదు. ఫోన్ రిజిస్ట్రేషన్‌లో ఈ ప్రశ్నలు చేర్చడానికి ఆమె వెనుకాడారు, ఆ సంకోచంలో కొంత న్యాయం ఉంది. వంటింట్లో అందరూ వింటుండగా ఫోన్లో జవాబు చెప్పమనడం కొందరికి ఇబ్బందే. అలాంటప్పుడు ఫోన్లో నమోదైన ప్రతి రోగికీ మొదటి విజిట్‌లో ఆ కాగితం తప్పనిసరిగా ఇవ్వాలని కంప్యూటరులో గుర్తు పెట్టుకుంటే చాలు.

పోర్టల్ వాడుతున్న కుటుంబాలకు నా సూచనలు ఇవి. మీరు తల్లిదండ్రులకు ప్రాక్సీగా ఉంటే వ్యక్తిగత సమాచారం పేజీలో ఈ రెండు గడులను వారి తరఫున మీరు నింపకండి. స్ట్రెయిట్ అని మీకు తెలిసినదే రాస్తున్నానని అనిపించినా రాయకండి. అత్యవసర సమయంలో పిలవవలసిన మనిషి, బంధుత్వం అన్న గడులను మాత్రం వారి పక్కన కూర్చుని ఒకసారి సరిచూడండి, పాత ఫైలు నుంచి వచ్చిన తప్పులు అక్కడే ఎక్కువగా ఉంటాయి. మీ జవాబును పిల్లలు చూడకూడదనుకునే పెద్దలు పోర్టల్‌లో ఏమీ రాయకుండా, వార్షిక విజిట్‌కు ముందే ఫోన్ చేసి నర్సుతో ఒంటరిగా మాట్లాడాలని, తెలుగు దుబాసీ కావాలని కోరండి. చెప్పిన మాట నోట్స్‌లో ఎక్కడ రాస్తారో, ప్రాక్సీకి కనబడుతుందో లేదో అప్పుడే అడగండి. ప్రాక్సీ ఖాతాలకు ఆ పేజీ కనబడకుండా చేసి, చెప్పనన్నవారినీ అడగబడనివారినీ రికార్డులో వేరుగా చూపిన రోజున ఈ రేటింగ్‌ను 4కి మారుస్తాను.